ఎక్కువ ధరకు కొన్నానని కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి వ్యాపారం. హైదరాబాద్‌లో ఒక కార్ కన్సల్టెన్సీ దగ్గర జర్మన్ కంపెనీ డీజిల్ ఎస్‌యూవీ చూశాను. బండి వయసు నాలుగున్నరేళ్లు, మీటర్‌లో 62 వేల కిలోమీటర్లు. రూ.38 లక్షలు చెబుతున్నారు. ‘అప్పట్లో ఆన్‌రోడ్ 80 లక్షలు పడింది, సగం కూడా అడగడం లేదు. సింగిల్ హ్యాండ్, నాన్ యాక్సిడెంటల్, షోరూం ట్రాక్ ఉంది. ఇలాంటి బళ్లు ఇప్పుడు దొరకడం లేదు’ అంటున్నారు. ఇదే మోడల్ కొత్తది ఇప్పుడు ఎక్స్‌షోరూం రూ.60 లక్షలు ఉంది. లక్ష టోకెన్ ఇవ్వాలట, అది తిరిగి ఇవ్వరట. 16 లక్షలు నగదుగా కావాలంటున్నారు. బండి నంబరు తెలంగాణదే కానీ మొదటి రిజిస్ట్రేషన్ ఢిల్లీ అని తర్వాత తెలిసింది. కొన్నాక ధర ఎక్కువని తేలితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా? ధర సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? — పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు

జవాబు: ధర ఎక్కువైందన్న ఒక్క కారణంతో మీకు ఏ కోర్టులోనూ, ఏ కమిషన్‌లోనూ ఊరట దొరకదు. టోకెన్ ఇవ్వకముందే అడిగారు కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. వస్తువు విలువ విషయంలో పొరపాటు అభిప్రాయం పడటాన్ని వాస్తవానికి సంబంధించిన పొరపాటుగా చూడకూడదని 20వ సెక్షన్ వివరణ చెబుతుంది. ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నాక, ప్రతిఫలం సరిపోలేదన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని 25వ సెక్షన్ వివరణ చెబుతుంది. 30 లక్షల బండిని 38కి కొంటే ఆ 8 లక్షలు మీ బేరం. దాన్ని జడ్జి సరిదిద్దరు.

చట్టం మీకు అండగా నిలిచేది అబద్ధం చెప్పినప్పుడు. 38 లక్షల ధర ఎక్కడి నుంచి వచ్చింది? సింగిల్ హ్యాండ్ (ఒకే ఓనర్ వాడినది), 62 వేల కిలోమీటర్లు, యాక్సిడెంట్ లేదు, షోరూం ట్రాక్ (షోరూంలో చేయించిన సర్వీసుల రికార్డు) ఉంది అన్న నాలుగు మాటల మీద నిలబడింది. వీటిలో ఏది అబద్ధమైనా అది ధర గురించిన అభిప్రాయం కాదు, వాస్తవాన్ని తప్పుగా చెప్పడం. అప్పుడు మీకు కేసు ఉంటుంది. కాబట్టి ఆ నాలుగు మాటలూ మీ చేతిలో కాగితం మీద ఉండాలి.

మీరు రాసినదాన్ని బట్టే ఒక మాట ఇప్పటికే తప్పుగా కనిపిస్తోంది. ఢిల్లీలో ఒకరి పేరున ఉండి, హైదరాబాద్ వచ్చాక ఇంకొకరి పేరున మారితే అది సింగిల్ హ్యాండ్ కాదు, మీరు మూడో ఓనర్. యజమాని మారకుండా బండితో పాటే బదిలీ మీద వచ్చి ఉంటే వేరు. ఆర్టీఏ రికార్డులో ఓనర్ సీరియల్ నంబరు చూస్తే సంగతి తేలిపోతుంది. ఢిల్లీ బళ్లు ఎందుకు వస్తాయో కూడా తెలుసుకోండి. 10 ఏళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద అక్కడ జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆంక్షలు పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. ఆ తర్వాత ఆదేశాల్లో మార్పులు వచ్చినా, డీజిల్ బండికి అక్కడ గిరాకీ తగ్గి చవకగా దొరుకుతుంది. దాన్ని ఇక్కడికి తెచ్చి హైదరాబాద్ ధర చెబుతారు. తేవడం నేరమేమీ కాదు, కానీ ఢిల్లీ బండికి హైదరాబాద్ బండి ధర ఇవ్వనవసరం లేదు.

ధర కట్టే పద్ధతికి వస్తాను. పాత ఆన్‌రోడ్ ధర మాట మీ బేరంలోంచి పూర్తిగా తీసేయండి. అందులో లైఫ్ టాక్స్, మొదటి ఇన్సూరెన్స్ కలిసి ఉన్నాయి. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద పన్ను మారింది. అంతకుముందు 28 శాతం జీఎస్టీ, సెస్సుతో కలిపి 50 శాతం దాకా పడేది, ఇప్పుడు 40 శాతం. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాతదాని ధర పాత బిల్లును బట్టి ఉండటంలో న్యాయం లేదు. లెక్క ఈ రోజు ఎక్స్‌షోరూం ధర నుంచే మొదలవ్వాలి.

దాని మీద ఎంత తగ్గించాలంటే, ఇన్సూరెన్స్ కంపెనీలు వాడే తరుగు పట్టిక మంచి కొలబద్ద. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు 40 శాతం, నాలుగు దాటి ఐదేళ్ల లోపు 50 శాతం. మీ బండికి ఆ లెక్కన ఐడీవీ, అంటే బీమా కంపెనీ బండికి కట్టే విలువ, సుమారు రూ.30 లక్షలు. ఇంతకంటే ఎక్కువకు అమ్మకూడదని రూలేమీ లేదు, గిరాకీ ఉన్న బండి ఎక్కువే పలుకుతుంది. అయితే రేపు బండి దొంగతనం జరిగినా, టోటల్ లాస్ అయినా పాలసీ ఇచ్చేది ఐడీవీ దగ్గర ఆగుతుంది. పైన పెట్టిన 8 లక్షలకు ఏ బీమా ఉండదు. లోన్ ఇచ్చే బ్యాంకు వాల్యుయర్ ఎంత కడతాడో కూడా కనుక్కోండి. మీకు లోన్ అవసరం లేకపోయినా అడగండి, అమ్మకంలో లాభం లేని మనిషి చెప్పే ధర అదొక్కటే.

మీ అసలు ఖర్చు 38 దగ్గర ఆగదని కూడా గమనించండి. తెలంగాణ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని గుంటూరులో ఏపీ నంబరుకు మార్చుకునేటప్పుడు బండి వయసును బట్టి ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి. ఎంతవుతుందో బేరానికి ముందే ఆర్టీఏలో అడిగి ధరలోంచి తగ్గించుకోండి. కన్సల్టెన్సీ వారు ‘జీఎస్టీ 18 శాతం అదనం’ అని 38 లక్షల మొత్తం మీద వేస్తే ఒప్పుకోవద్దు. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు మినహాయింపు) తీసుకోని పాత బండి మీద ఆ పన్ను వారు కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే.

నగదు సంగతి మీద నా మాట కఠినంగానే ఉంటుంది: ఇవ్వకండి. ఒకే లావాదేవీలో రూ.2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. ఆ డబ్బు ఎక్కడిదో మీరూ జవాబు చెప్పుకోవాలి. ఇంకా పెద్ద నష్టం వేరే ఉంది. బిల్లులో 22 లక్షలే ఉంటే, రేపు మీటర్ తిప్పారని తేలినా కమిషన్ ముందు మీరు కట్టినట్టు రుజువయ్యేది 22 లక్షలే. మిగతా 16 గురించి నోరు విప్పడానికి కూడా మీకే ఇబ్బంది.

బిల్లు కన్సల్టెన్సీ పేరు మీదే తీసుకోండి. డబ్బు నేరుగా పాత ఓనర్ ఖాతాకు వేయించి, గొడవ వచ్చాక ‘మేము మధ్యవర్తులం, కమీషన్ మాత్రమే తీసుకున్నాం’ అనడం ఈ వ్యాపారంలో మామూలు. మామూలు వ్యక్తి ఒకసారి తన కారు అమ్మితే వినియోగదారుల చట్టం సాధారణంగా వర్తించదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు రవాణా శాఖ అధీకృత సర్టిఫికెట్ ఉండాలి. ఓనర్ బండి అప్పగించినట్టు ఫారం 29సి ద్వారా తెలియజేయాలి. ఆ రెండూ చూపమనండి. సంతకాలు పెట్టిన ఖాళీ 29, 30 ఫారాలు (ఓనర్ పేరు మార్పిడివి) మాత్రమే చూపిస్తే జాగ్రత్తపడండి.

ఇప్పుడు ‘వాళ్లు చెప్పకుండా దాచారు’ అన్న వాదన. కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద గుర్రం ఉదాహరణలు ఉన్నాయి. వేలంలో గుర్రం అమ్మే మనిషికి దాని లోపం తెలుసు, ఏమీ చెప్పలేదు. అది మోసం కాదు. కానీ కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను’ అన్నాక కూడా మాట్లాడకపోతే, ఆ మౌనం చెప్పినదానితో సమానం. ఈ ఒక్క ఉదాహరణను మీరు వాట్సాప్‌లో వాడుకోవచ్చు. ఇలా పంపండి: ‘ఈ బండికి యాక్సిడెంట్, వరద నీరు తగలలేదని, మీటర్ అసలుదని, నేను రెండో ఓనర్‌ననీ మీరు చెప్పారు. వీటిలో ఏదైనా తప్పైతే ఇప్పుడే చెప్పండి. లేకపోతే నిజమనే నమ్మి కొంటున్నాను.’ చాసిస్ నంబరు కూడా రాయండి. ఆ చాట్ చెరపకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది. బిల్లు మీద కూడా ఇవే మాటలు రాయించండి. ‘యాజ్ ఈజ్ కండిషన్’ (ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం) అని ముద్ర వేసి, నాన్ యాక్సిడెంటల్ అని రాయడానికి ఒప్పుకోకపోతే, నా దృష్టిలో ఆ బండికి మీరు నమ్మిన విలువ లేదు.

కాగితం ఉంది కదా అని పరీక్ష మానకండి. మామూలు శ్రద్ధతో తెలుసుకోగలిగిన విషయాన్ని తెలుసుకోకపోతే, తప్పుడు వివరణ లేదా మౌనం కారణంగా ఒప్పందం రద్దు కోరే హక్కు పోతుందని 19వ సెక్షన్ మినహాయింపు చెబుతుంది. అధీకృత సర్వీస్ సెంటర్‌లో చాసిస్ నంబరుతో సర్వీస్ రికార్డు తీయించండి, ప్రతి సర్వీసు నాటి కిలోమీటర్లు వరుసగా పెరుగుతున్నాయో లేదో చూడండి. ఇలాంటి బళ్లలో కిలోమీటర్ల లెక్క ముందున్న మీటర్‌లోనే కాక వేరే కంట్రోల్ యూనిట్లలో కూడా నమోదై ఉంటుంది, స్కానర్ పెట్టిస్తే తేడా బయటపడుతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదలో విజయవాడలో ఎన్ని బళ్లు మునిగాయో మీకు చెప్పనక్కర్లేదు. సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగి చూడండి, బయటికి కనిపించే భాగాన్ని కడిగినా లోపల చుట్టుకున్న పట్టీ మీద బురద చార మిగులుతుంది. కార్పెట్ కిందా, సీటు కింది బోల్టుల తుప్పూ చూడండి.

టోకెన్ ఇవ్వాల్సి వస్తే బ్యాంకు ద్వారానే ఇచ్చి, ‘సర్వీస్ రికార్డు, ఓనర్ సీరియల్, బ్యాంకు అప్పు వివరాలు చెప్పినట్టు లేకపోతే పూర్తిగా వాపసు’ అని రాయించుకోండి.

ఇవన్నీ చేశాక కూడా మోసం బయటపడితే, ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేయండి. నెలల తరబడి నడిపి తర్వాత అడిగితే బండి తిరిగి ఇచ్చే హక్కు బలహీనపడి, నష్టపరిహారం దగ్గరే ఆగాల్సి వస్తుంది. కట్టిన ప్రతిఫలం రూ.50 లక్షల లోపు కాబట్టి మీ ఫిర్యాదు గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, కొనుగోలుదారు నివాసం ఉన్నచోట వేసే వీలు 2019 చట్టం ఇచ్చింది. గడువు రెండేళ్లు. ఫీజు మీ మొత్తానికి వెయ్యి రూపాయలే. వ్యాపార సంస్థ పేరున కొనే ఆలోచన ఉంటే, బండి ఎవరి వాడకానికో రుజువులు ఉంచుకోండి. కంపెనీ పేరున డైరెక్టర్ సొంత వాడకానికి కొన్న కారు విషయంలో 2024లో సుప్రీంకోర్టు కంపెనీని వినియోగదారుగానే గుర్తించింది.

కొంటే ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో దరఖాస్తు ఇవ్వండి. థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటు వస్తుంది కానీ సొంత డ్యామేజీ కవర్ దానంతట అది మారదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత ఓనర్‌దే, అది కలిపి ధర చెబితే ఒప్పుకోకండి. నా సలహా ఇది: ఓనర్ సీరియల్, సర్వీస్ రికార్డు రెండూ చేతికొచ్చేదాకా లక్ష కాదు, వెయ్యి కూడా పంపవద్దు. రెండూ సక్రమంగా ఉన్నా, ఐడీవీ మీద మీరు పెట్టేది పోయినా తట్టుకోగలిగినంతే ఉండాలి. మూడో ఓనర్‌గా ఈ బండికి 38 నేనైతే ఇవ్వను.