శ్రీకాకుళం జిల్లా కవిటిలో మా కొబ్బరి మట్టలు మంటకు కాలినట్టు ఎండిపోతున్నాయి, చూస్తే పురుగు కనబడదు. ఎందుకు?

ఎండిన మట్టను తిరగేసి చూడండి. ఆకు అడుగున చెక్కపొట్టు అంటించినట్టు గూడులా ఉందా? అయితే అది నల్లతల గొంగళి పురుగు, శాస్త్రీయంగా ఒపిసినా అరెనోసెల్లా. పట్టుదారంతో తన విసర్జననే కలిపి సొరంగం అల్లుకుని, ఆ చాటున కూర్చుని పచ్చదనమంతా గోకి తింటుంది. పైపొర మిగలడంతో ఆకు మాడినట్టు కనిపిస్తుంది. ఎండ దెబ్బేమో అని ఉద్దానం వైపు చాలామంది నీళ్లు పెట్టి ఊరుకుంటారు, అదే పొరపాటు.

దీని రెక్కల పురుగు బూడిదరంగు చిన్న ప్రాణి. 1864లోనే వాకర్ అనే కీటక శాస్త్రజ్ఞుడు వర్ణించినా, ఏ కుటుంబంలో పెట్టాలో శాస్త్రజ్ఞులకే కుదరలేదు. చాలాకాలం ఈకోఫోరిడే అనే దాగుడు పురుగుల కుటుంబంలోనే ఉంచారు. పేరుకు తగ్గట్టే ఉంది!

వేసవిలో ఉధృతి ఎక్కువ. బాగా పాడైన కింది మట్టలు కోసి కాల్చండి. గోనియోజస్, బ్రాకాన్ అనే చిన్న కందిరీగలు సొరంగంలోకే దూరి గొంగళిని కుట్టి, కదలకుండా చేసి, దాని ఒంటిమీదే గుడ్లు పెడతాయి. ఈ కందిరీగల్ని తోటలో వదిలే రోజుల్లో మాత్రం మందు కొట్టకండి, ముందు చచ్చేవి అవే.