బాలబడి పెట్టేముందు సంఘంలో పోయి కూర్చో

పాపా,

నీ మెసేజ్ చదివినా. ఊర్లో బాలబడి పెడతాను, మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లోళ్లకి చెట్లకింద, మట్టిలో నేర్పిస్తాను, నడవలేని పిల్లోళ్లనీ వినపడని పిల్లోళ్లనీ గూడా కలుపుకుంటాను అన్నావు, శానా సంతోషమైంది. కానీ నువ్వు నన్ను అడిగిందంతా ఏ బొమ్మలు కొనాల, రూమ్‌కి ఏం రంగు వెయ్యాల, సిలబస్ యాడ దొరుకుతాది అని. అవన్నీ ఎనక చూసుకోవచ్చు. ముందు మహిళా సంఘంలో, వికలాంగుల సంఘంలో పోయి కూర్చో. గొర్లు మేపేవాళ్లతో మాట్లాడు. నీ బడికి కావాల్సిన మనుషులు వాళ్లే.

మన చెన్నేకొత్తపల్లి పక్కనే చూడు. 1990లో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 32 ఎకరాల బీడు తీసుకుని మొదలుపెట్టినారు, ఆ తర్వాత ముష్టికోవెల, ఆ చుట్టుపక్కల ఊర్లోళ్లు కలిసి కల్పవల్లి అని వేల ఎకరాల అడవిని లేపుకున్నారు. నాటిన మొక్కలకన్నా కాపాడుకున్న మొద్దులే ఎక్కువ అందులో. కాపలా పెట్టుకున్నారు, ఎండాకాలం మంటలు పాకకుండా గడ్డి కోసి అడ్డంగా ఖాళీ పట్టీలు తీసినారు, పాత వేర్ల నుంచి చెట్లు వాటంతటవే లేచినాయి. ఇప్పుడు బోదగడ్డి, ఈత ఆకు అక్కడి జనానికే పనికొస్తాండాయి. ఆ కొండ ఎవరికి అవసరమో వాళ్లే కూర్చుని నిర్ణయం చేసినారు కాబట్టి అది నిలబడింది. బడి గూడా అంతే పాపా, నీ పేరుమీద నడిస్తే నీకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిన రోజు మూతపడుతుంది, తల్లుల చేతిలో ఉంటే నువ్వు లేకున్నా నడుస్తాది.

చదువుకీ ఉద్యమానికీ సంబంధమేముంది అంటారు కొందరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో అక్షరాస్యత క్లాసులో పాఠం చదివి మాట్లాడుకున్న ఆడోళ్లే సారా వద్దని లేచినారు, రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. తమ ఇంటి బాధ పాఠంలో కనపడింది కాబట్టే లేచినారు కదా. మహారాష్ట్రలో చిన్నపిల్లల చదువుకోసం పనిచేసిన తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ అయితే పసులు కాసుకుంటా, తమ్ముళ్లని ఎత్తుకుంటా బడికి రాలేని వార్లీ గిరిజన పిల్లోళ్ల కోసం వాళ్ల వాకిళ్లలోకే, పసులు మేసే బయలుకే బడిని తీసుకుపోయినారు. పిల్లోళ్లు రావడంలేదంటే బడే పోవాల, నేను నమ్మేది అదే.

జాగా దగ్గర మాత్రం శానా గట్టిగా ఉండు. ఎవరో పెద్దమనిషి ఇంటిపక్కన రూమ్ ఫ్రీగా ఇస్తామన్నా వెంటనే ఊ అనొద్దు, ఎస్సీ కాలనీ పిల్లోళ్లు భయం లేకుండా నడిచి రాగలిగే జాగా అయితేనే ఒప్పుకో. అందరూ ఒకే వరసలో కూర్చుని తినాల, వండేది ఎవరైనా సరే. మిగతావాటిలో సర్దుకుపో, దీంట్లో తగ్గొద్దు.

జాగా కుదిరినాక వికలాంగుల సంఘంలో మూడు చక్రాల బండిమీద తిరిగే మనిషిని ఒకరిని పిలిచి, ఊర్లోంచి నీ వేపచెట్టు కాడికి రమ్మను. బండి యాడ ఆగిందో అక్కడ దారి సరిచెయ్యి. చూపులేని బాబు ఉంటే గుమ్మం నుంచి చెట్టుదాకా తాడు కట్టి మధ్యలో ముడులు వెయ్యి, ఈ ముడికాడ నీళ్లకుండ, ఆ ముడికాడ ఇసుక అని వాడికి రెండు రోజుల్లో తెలిసిపోతాది. సొంతంగా కూర్చోలేని పాపకి ఇసుకలో గుంత తీసి నడుముకి ఆనింపు ఇస్తే చేతులు రెండూ ఆటకి వస్తాయి, కాకపోతే ముందు ఫిజియోథెరపీ వాళ్లని అడుగు. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లకి నేల అందదు, రాళ్లమీద కడప బండ ఎత్తుగా నిలిపి దానిమీద మట్టిపోసి మెంతులు చల్లించు.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఉందని సర్కారు ఇచ్చే కాగితం, తెచ్చినాక చేర్చుకుంటాం అని ఏ తల్లితోనూ అనొద్దు. అది పింఛనుకి కావాల, ఇసుకలో ఆడుకునేదానికి ఎందుకు? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాసినారు, అందులో శానా వరకు మనోళ్లు గుర్తే పట్టరు, మూడేళ్లకి మాట రాకపోతే వాళ్ల నాయనకీ లేటుగానే వచ్చిందిలే అంటారు, చెవి పరీక్ష చేయించరు. నీకు అనుమానం వస్తే తల్లిని బెదరగొట్టకుండా మండలంలో ఇట్లాంటి పిల్లోళ్ల కోసం ఉండే సర్కారు భవిత కేంద్రంలో అడిగి చూడు, లేదంటే జిల్లా ఆస్పత్రికి తోడుపో.

పాఠాలకి మన భూమే చాలు. వానలు పడి బుడ్డలు (వేరుశనగ) విత్తే టైముకి చిన్న మడి చెయ్యి. పువ్వు పైన పూస్తాది, ఊడ కిందికి దిగి మట్టిలో కాయ అవుతాది, రైతుబిడ్డలకి ఇదంతా తెలుసులే అనుకుంటాం గానీ మోకాళ్లమీద కూర్చుని వారం వారం చూసిన పిల్లోళ్లు ఎంతమంది? కాయ ఒలిస్తే గింజ ఒకటా రెండా మూడా, లెక్క అక్కడే వచ్చేస్తాది. అమ్మానాయనా బెంగళూరు పోయి అవ్వలకాడ పెరిగే పిల్లోళ్లు మనకి శానామంది, ఆ అవ్వల్నే పిలువు, చెట్ల పేర్లూ పాటలూ వాళ్లకి తెలిసినంత నీకూ నాకూ తెలీదు.

ఆముదం, అడవి ఆముదం, గన్నేరు, ఉమ్మెత్త చుట్టుపక్కల ఉంటే ముందే పీకించు, అన్నీ విషమే, ఈ వయసోళ్లు ఏదైనా నోట్లో పెట్టుకుంటారు. రాయి తిప్పాలంటే కట్టెతోనే, తేలు ఉంటాది. మార్చి వస్తే పొద్దున ఏడుకే మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా నీడలోకి తెచ్చెయ్యి.

ఏబీసీడీలు ఎప్పుడు నేర్పిస్తావు అని అడుగుతారు, ఖాయం. 2020 జాతీయ విద్యా విధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటపాటలతోనే పునాది అని ఉందని చెప్పు, దానికన్నా తల్లుల్ని నెలకోసారి పొద్దున్నుంచి కూర్చోబెట్టి చూపిస్తే తొందరగా నమ్ముతారు. అంగన్‌వాడీ టీచర్‌తో పోటీ పెట్టుకోవద్దు, గుడ్డూ పాలూ ఆమె దగ్గరే, పిల్లోళ్ల బరువుల రిజిస్టర్ ఆమె దగ్గరే, కలిసి చేసుకోండి. 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు జీతాల కోసం వాళ్లు సమ్మె చేసినారు, మళ్లీ అట్లాంటిది వస్తే నువ్వు వాళ్ల పక్కన నిలబడాల.

మీ ఊరి సంఘం లీడర్‌కి నేను ఫోన్ చేసి చెప్పిపెడతా, ఈసారి మీటింగ్‌కి నువ్వు పో. ఆ తర్వాత ఇంటింటికీ తిరిగేటప్పుడు మీ ఇంట్లో చిన్నపిల్లలు ఎంతమంది అని మాత్రమే అడిగితే సగం పేర్లు రావు, ఈ వీధిలో బయటికి తీసుకురాని పిల్లోళ్లు ఎవరన్నా ఉండారా అని పక్కింటోళ్లని గూడా అడుగు, నెమ్మదిగా చెప్తారు, ఆ ఇంటికి ఫస్ట్ పో.

ఇట్లు
మీ పెద్దమ్మ