దగ్గితే రక్తం పడే మనిషికి కాలులో గడ్డ ఎలా కట్టింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకి 54 ఏళ్లు. ఊపిరితిత్తుల టీబీ అని తేలి మందులు మొదలుపెట్టి మూడు వారాలైంది. మొదట్లో కళ్లెలో రక్తం పడేది, ఇప్పుడు ఆగింది. పోయిన వారం ఎడమ పిక్క వాచి నొప్పి అంటుంటే స్కాన్ తీయించాం, నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. రక్తం పల్చబడే మాత్ర వార్ఫరిన్ రాశారు. అది వేస్తే మళ్లీ దగ్గులో రక్తం పడదా అండీ? భయంగా ఉంది.
- ఒక కూతురు, ఖమ్మం

జవాబు: అమ్మా, ఈ డౌటు చదువుకునే రోజుల్లో మాకూ వచ్చింది. కళ్లెలో రక్తం పడిందంటే నాన్నగారి రక్తం పల్చగా ఉందని కాదు, టీబీ ఊపిరితిత్తిని తినేసిన చోట ఓ రక్తనాళం గోడ దెబ్బతిని అక్కడ కారింది, అంతే. గడ్డకట్టడం మాత్రం ఒళ్లంతటికీ సంబంధించిన సంగతి. లోపల అంత ఇన్ఫెక్షన్ ఉంటే లివర్ గడ్డ కట్టించే ప్రొటీన్ ఫైబ్రినోజెన్‌ని ఎక్కువ తయారుచేస్తుంది, ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, గడ్డకట్టకుండా ఆపే యాంటీథ్రాంబిన్, ప్రొటీన్ సి లాంటివేమో తగ్గిపోతాయి, దానికి తోడు నీరసంతో మంచం మీదే ఉంటారు కాబట్టి కాలి సిరల్లో రక్తం నిలిచిపోతుంది. టీబీ మందులు పనిచేసేకొద్దీ ఇవి సర్దుకుంటాయి, అందుకే రిస్కు ఎక్కువగా మొదటి వారాల్లోనే.

పల్చబడే మందు అంటాం గానీ రక్తం నీళ్లలా ఏమీ అయిపోదు, గడ్డ పెరగకుండా ఆపుతుంది. కళ్లెలో రక్తం ఆగిందని చూసే రాసుంటారు, మళ్లీ పడితే మాత్రం వెంటనే చెప్పండి.

నాకు అసలు భయం ఇంకోచోట ఉంది. మూత్రం ఎర్రగా వచ్చేలా చేసే ఆ టీబీ మందు, రిఫాంపిసిన్, లివర్‌ని తొందరపెట్టి వార్ఫరిన్‌ని త్వరగా ఖర్చు చేయించేస్తుంది. దాంతో ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే టెస్టు అంకె, ఎంతకీ పెరగదు, డోసు రెండు మూడింతలు చేయాల్సి రావచ్చు. ఇదే పనికి వాడే కొత్త మాత్రలు అపిక్సాబాన్, రివరోక్సాబాన్‌కీ ఇదే బాధ. పొట్టకి చేసే హెపారిన్ ఇంజెక్షన్‌కి ఈ గొడవ లేదు గానీ నెలల తరబడి రోజూ పొడిపించుకోవడం ఎవరికి ఇష్టం చెప్పండి.

ఆకుకూరల్లోని విటమిన్ కె వార్ఫరిన్‌కి అడ్డుపడుతుంది, అలాగని వాటిని పూర్తిగా మానిపించకండి, అసలే బరువు తగ్గిన మనిషి. వారానికి ఎంత తింటారో అంతే తిననివ్వండి. వాచిన కాలికి నూనె రాసి మర్దనా మాత్రం వద్దు, గడ్డ కదిలితే ఊపిరితిత్తులకి పోతుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తే టీబీయే కదా అని ఇంట్లో కూర్చోకుండా అప్పటికప్పుడు హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

ఆరు నెలల కోర్సు అయ్యాక రిఫాంపిసిన్ ఆపేస్తారు, అప్పటికీ వార్ఫరిన్ నడుస్తుంటే రెండు మూడు వారాల్లో లివర్ మామూలైపోయి అదే డోసు ఎక్కువైపోతుంది, చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం రావచ్చు. టీబీ పోయిందన్న సంతోషంలో ఇది ఎవరికీ గుర్తుండదు. ఆఖరి టీబీ మాత్ర వేసే రోజుకి ముందే వార్ఫరిన్ రాసిన డాక్టర్‌కి చెప్పి, ఆ నెలంతా వారానికోసారి ఐఎన్ఆర్ చేయించండి.