ఆరు వోల్టుల జావాకు ఇంట్లో చేసిన రెగ్యులేటర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు 1968లో కొన్న మైసూరు జావా 250 మోటారుసైకిలు ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తూనే ఉంది. పగటిపూట ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం తోట నుంచి కాలువ గట్టు మీదుగా వచ్చేటప్పుడు మాత్రం హెడ్‌లైటు ఆముదం దీపంలా వెలుగుతుంది, హారన్ కొడితే అదీ కుంగిపోతుంది. డైనమో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పెట్టెలోని పాయింట్లు మాడిపోయాయని మెకానిక్ అంటున్నాడు. కొత్తది దొరకడం లేదు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుకున్నాను, టంకం పెట్టడం వచ్చు. రెగ్యులేటర్‌ను నేనే తయారు చేసుకోవచ్చా? చేసేటప్పుడే బండిని 12 వోల్టులకు మార్చేస్తే మంచిదా?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: తయారు చేసుకోవచ్చు, మీ చదువుకు అది పెద్ద పని కాదు. అయితే టంకం కడ్డీ వేడెక్కించే ముందు ఒక సాయంత్రం మల్టీమీటర్‌తో బండి దగ్గర కూర్చోండి, ఎందుకంటే మీ దీపం మసకబారడానికి రెగ్యులేటర్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. 35 వాట్ల బల్బు 6 వోల్టుల మీద దాదాపు 6 ఆంపియర్లు తీసుకుంటుంది. స్విచ్చిలో, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టులో, యాభై ఏళ్ల నాటి వైరులో అంతా కలిపి ఓంలో పదోవంతు నిరోధం ఉన్నా, ఆ దారిలోనే 0.6 వోల్టు హరించుకుపోతుంది. ఫిలమెంట్ బల్బు వోల్టేజీ పదిశాతం తగ్గితే వెలుగు పదిశాతం కాదు, దాదాపు ముప్ఫై శాతం తగ్గుతుంది. 12 వోల్టుల బండిలో అదే 35 వాట్ల బల్బుకు, అదే నిరోధానికి పోయే వెలుగు ఎనిమిది శాతం లోపే. ఆరు వోల్టుల బండ్లకు వచ్చిన చెడ్డపేరులో పెద్ద భాగం ఈ లెక్కలోనే ఉంది.

కాబట్టి దీపం వేసి ఉంచి, మీటరు ఒక కొస బ్యాటరీ పాజిటివ్ మీద, రెండో కొస బల్బు హోల్డరులోని పాజిటివ్ మీద పెట్టి చూడండి. తరువాత బల్బు ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య చూడండి. రెండూ కలిపి 0.2 వోల్టు దాటితే ముందు ఆ వైర్లు మార్చాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసి, హెడ్‌లైటు డూమ్ నుంచి బ్యాటరీ దాకా ఒక ప్రత్యేకమైన ఎర్త్ వైరు లాగండి. ఫ్రేమ్‌నే ఎర్త్‌గా నమ్ముకోవడం కొత్త బండికి సరిపోతుంది గాని, హ్యాండిల్ బేరింగుల గ్రీజు గుండా, నాలుగు పొరల పెయింటు గుండా కరెంటు వెనక్కి రావాలంటే కష్టమే. ఈ పని ఒక్కటీ చేసి, ఇక రెగ్యులేటర్ అక్కరలేదని తృప్తిపడినవారిని నేను చూశాను.

ఇక రెగ్యులేటర్ సంగతి. మీ జావాలో ఉన్నది 6 వోల్టుల, 45 వాట్ల డీసీ డైనమో. అది క్రాంక్‌షాఫ్ట్ కొసకే బిగించి ఉంటుంది. పాత పెట్టె ముఖ్యంగా రెండు పనులు చేస్తుంది. వోల్టేజీ పెరిగినప్పుడు ఫీల్డ్ చుట్టకు (డైనమోలో అయస్కాంత బలాన్ని పుట్టించే చుట్ట) వెళ్లే కరెంటును తగ్గించడం మొదటి పని. ఇంజిను నెమ్మదించినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారకుండా తెంపడం రెండోది, దాన్నే కటౌట్ అంటాం. మీరు చేసే పరికరం ఈ రెండింటినీ చేయాలి. కరెంటు హద్దు అనే మూడో పనిని కూడా మీరే చూసుకోవాలి, దాని గురించి తరువాత చెబుతాను.

మొదట తేల్చుకోవలసింది ఫీల్డ్ చుట్ట రెండో కొస ఎక్కడికి వెళ్తోందన్నది. కొన్ని డైనమోలలో అది లోపలే బాడీకి కలిసి ఉంటుంది, మరికొన్నింటిలో బ్రష్‌కు కలిసి ఉంటుంది. రెగ్యులేటర్ వైర్లు విప్పి, బ్రష్‌కూ, అది రాసుకునే రాగి పట్టీల కమ్యుటేటర్‌కూ మధ్య చిన్న కాగితం ముక్క దూర్చి, ఫీల్డ్ టెర్మినల్ నుంచి బాడీకి ఓములు కొలవండి. కాగితం పెట్టకపోతే ఆర్మేచర్ (డైనమోలో తిరిగే చుట్ట) గుండా దారి దొరికి మీటరు మిమ్మల్ని మోసం చేస్తుంది. బాడీకి కలిసి ఉంటే నియంత్రణ పాజిటివ్ వైపున, అంటే కరెంటును తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్చి అయిన పి-ఛానెల్ మాస్ఫెట్‌తో పెట్టాలి. బ్రష్‌కు కలిసి ఉంటే మామూలు ఎన్-ఛానెల్ మాస్ఫెట్‌ను ఎర్త్ వైపున పెట్టవచ్చు, అది సులువు. బ్యాటరీలో ఏ కొస ఫ్రేముకు కలిసి ఉందో కూడా అప్పుడే చూసుకోండి. ఎవరో ఎప్పుడో తిప్పి పెట్టి ఉండవచ్చు.

సర్క్యూట్ చిన్నదే. టీఎల్ 431 అనే చిప్పు నుంచి స్థిరంగా వచ్చే 2.5 వోల్టులను ప్రమాణంగా పెట్టుకుని, బ్యాటరీ వోల్టేజీని 18 కిలో ఓములు, 10 కిలో ఓముల రెసిస్టర్లతో విభజించి, రెండు వోల్టేజీలను పోల్చే ఎల్‌ఎం 393 కంపారేటర్‌కు ఇస్తే, 7.0 వోల్టుల దగ్గర రెండూ సమానమవుతాయి. వోల్టేజీ అది దాటగానే కంపారేటర్ మాస్ఫెట్‌ను ఆపుతుంది, ఫీల్డ్ బలహీనపడుతుంది, వోల్టేజీ దిగుతుంది, మళ్లీ మాస్ఫెట్ తెరుచుకుంటుంది. ఈ తెరవడం, మూయడం మరీ గజిబిజిగా జరగకుండా తెరుచుకునే, మూసుకునే వోల్టేజీల మధ్య 0.1 వోల్టు తేడా (హిస్టెరిసిస్) ఇవ్వండి. ఇక్కడ చాలామంది పొరబడేది మాస్ఫెట్ ఎంపికలో. దుకాణంలో ఎక్కువగా ఇచ్చే ఐఆర్‌ఎఫ్ 540 వంటివి పూర్తిగా తెరుచుకోవాలంటే గేటు మీద పది వోల్టులు కావాలి. మీ బండిలో ఉన్నవే ఆరు. ఐఆర్‌ఎల్‌జెడ్ 44ఎన్ వంటి లాజిక్ స్థాయి రకం అడిగి తీసుకోండి, లేకపోతే అది సగం తెరుచుకుని పెనంలా కాలుతుంది. ఫీల్డ్ చుట్టకు అడ్డంగా 1ఎన్ 5822 వంటి షాట్కీ డయోడును (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) తిరగేసి పెట్టడం మరువకండి, ఎందుకంటే మాస్ఫెట్ ఆగిన ప్రతిసారీ ఆ చుట్ట వోల్టేజీని ఎగదన్నుతుంది.

కటౌట్ స్థానంలో కూడా షాట్కీ డయోడే వేయాలి, ఇది 15 ఆంపియర్లకు తగ్గకూడదు. సాధారణ సిలికాన్ డయోడు 0.7 వోల్టుకు పైగా తినేస్తుంది, షాట్కీ 0.4 నుంచి 0.5తో సరిపెడుతుంది. పూర్తి చార్జింగులో దాని మీద మూడు వాట్ల వేడి పుడుతుంది కాబట్టి, అబ్రకం వాషరు వేసి అల్యూమినియం రేకుకు బిగించండి. వోల్టేజీని కొలిచే వైరును డయోడు తరువాత, అంటే బ్యాటరీ వైపు నుంచి, తాళంచెవి స్విచ్చి గుండా తీసుకోండి. డైనమో వైపు నుంచి తీసుకుంటే డయోడు తినేదంతా బ్యాటరీకి తక్కువవుతుంది. అయితే ఈ వైరు ఊడితే వోల్టేజీ తక్కువగా ఉందనుకుని రెగ్యులేటర్ ఫీల్డ్‌ను పూర్తిగా తెరిచేస్తుంది, బల్బులన్నీ ఒక్క గేరులో మాడిపోతాయి. అందుకే డైనమో వైపు నుంచి మరో విభజనను అమర్చి, అక్కడ 8.5 వోల్టులు దాటితే ఎలాగైనా ఫీల్డ్ ఆగేటట్లు ఎల్‌ఎం 393లోని రెండో కంపారేటర్‌ను వాడండి. అది ఎలాగూ అదే చిప్పులో ఖాళీగా ఉంటుంది.

కరెంటు హద్దు గురించి చెబుతానన్నాను. 45 వాట్లను 7తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. ఆర్మేచర్ అంతకంటే మోయడానికి పుట్టలేదు. బ్యాటరీ పూర్తిగా పడిపోయి ఉన్నప్పుడు వోల్టేజీ ఏడుకు చేరదు, రెగ్యులేటర్ ఆపదు, డైనమో ఉన్న శక్తంతా ధారపోస్తూ కాలిపోతుంది. పాత పెట్టెలో కరెంటు చుట్ట ఉండేది ఇందుకే. డైనమో కరెంటు దారిలో పెట్టిన ఓంలో నూరోవంతు షంట్ రెసిస్టర్ మీద పుట్టే వోల్టేజీని చూసి ఆపే మరో చిన్న ఏర్పాటు చేస్తే మంచిది. అంత ఓపిక లేకపోతే కనీసం డైనమో నుంచి వచ్చే వైరులో 10 ఆంపియర్ల ఫ్యూజు వేసి, పడిపోయిన బ్యాటరీని ఇంట్లోనే చార్జరు మీద పెట్టండి. ఆర్మేచర్ నిజంగానే కాలితే రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు చుట్టే వారు మన జిల్లాల్లో ఊరికొకరు ఉన్నారు, చుట్టిస్తారు. కానీ కమ్యుటేటర్ దెబ్బతింటే వారూ చేతులెత్తేస్తారు.

7.0 వోల్టులే ఎందుకన్న సందేహం మీకు రావచ్చు, పుస్తకాల్లో 7.2 అని కనబడుతుంది. అది 25 డిగ్రీల వద్ద చెప్పే మాట. సీసపు బ్యాటరీ ఒక్కో సెల్లుకు, ఒక్కో డిగ్రీకి సుమారు 4 మిల్లీవోల్టులు తగ్గించాలి. మూడు సెల్లులకు, మన 40 డిగ్రీల ఎండలో అది 0.18 వోల్టు. పైగా ఇంజిను పక్కనే బ్యాటరీ. 7.2 పెడితే వేసవిలో వారానికోసారి నీళ్లు పోయవలసి వస్తుంది.

బండికి బిగించే ముందు బల్ల మీద పరీక్షించండి. ఫీల్డ్‌కు బదులు చిన్న బల్బు పెట్టి, వోల్టేజీ మార్చగల సప్లైతో 5 నుంచి 8 దాకా నెమ్మదిగా పెంచితే, 7 దగ్గర బల్బు ఆరాలి, దించితే మళ్లీ వెలగాలి. బిగించాక డైనమో అసలు చార్జ్ చేయకపోతే దాని మిగులు అయస్కాంతత్వం పోయి ఉండవచ్చు; ఫీల్డ్ బాడీకి కలిసిన రకమైతే బ్యాటరీ నుంచి ఫీల్డ్‌కు ఒక క్షణం వైరు తాకించి తీస్తే తిరిగి వస్తుంది. పాత కటౌట్ పాయింట్లను వేలితో నొక్కి డైనమోను మోటారులా తిప్పి చూసే పెద్దవాళ్ల పద్ధతి ఇకపై పనిచేయదు, డయోడు ఒప్పుకోదు.

12 వోల్టుల గురించి: డైనమోను అలాగే ఉంచి రెగ్యులేటర్‌ను 14 వోల్టులకు అమర్చి నడిపేవారు ఉన్నారు, అది జరిగే పనే. కానీ చార్జింగ్ మొదలయ్యే ఇంజిను వేగం దాదాపు రెట్టింపవుతుంది. మీరు హైవే మీద తిరిగేవారైతే సరే అనేవాణ్ణి. గట్టు మీద ముప్ఫై కిలోమీటర్ల వేగంతో, గేదెలకు దారిస్తూ వెళ్లే మనిషికి అది నష్టమే. బ్యాటరీ, ఇగ్నిషన్ కాయిల్, హారన్, బల్బులు అన్నీ మార్చాలి కూడా. ఆరు వోల్టులతోనే ఉండండి. హెడ్‌లైటుకు 35, వెనుక దీపానికి 5, ఇగ్నిషన్‌కు సగటున 12 వాట్లు వేసుకుంటే డైనమో ఇచ్చేదాని కంటే ఖర్చే ఎక్కువ. వెనుక దీపాన్ని, మీటరు దీపాన్ని 6 వోల్టుల ఎల్‌ఈడీలుగా మార్చినా లోటు కొంత పూడుతుంది.

చివరగా, పాత పెట్టె మూతను పారేయకండి. లోపలి ఇనుప చుట్టలు తీసి మీ బోర్డును అందులోనే అమర్చండి, ఫ్రేముకు కొత్త రంధ్రాలు వేయకండి. 2021 నుంచి యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. చాసిస్, బాడీ, ఇంజిన్లలో గణనీయమైన మార్పు లేకుండా తొలి రూపంలో ఉండాలన్నది దాని షరతు. అలా నమోదైన బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు కాబట్టి మీకిప్పుడే అక్కరలేకపోవచ్చు, రేపు మీ పిల్లలకు కావాలనిపించవచ్చు.

ప్రశ్న: నాది 12 వోల్టుల పాత బుల్లెట్. ఎల్‌ఈడీ హెడ్‌లైటు వేయిస్తే ఐడ్లింగులో రెపరెపలాడి, నెల తిరగకుండా మాడిపోయింది. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఒకటి నేనే పెట్టి చూస్తే వైరు వేడెక్కి పొగ వచ్చింది. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఇంజిను ఆపి, తాళంచెవి తిప్పి, హెడ్‌లైటు స్విచ్చి వేయండి. వెలగకపోతే అది బ్యాటరీ మీద కాక ఆల్టర్నేటర్ నుంచి నేరుగా వచ్చే ఏసీ మీద నడుస్తోందన్నమాట. ఫిలమెంటుకు ఏసీ, డీసీ ఒకటే, ఎల్‌ఈడీకి కాదు. పొగ రావడానికి కారణం వేరు. అటువంటి చుట్టలో ఒక కొస లోపలే బాడీకి కలిపి ఉంటుంది, మీ బ్యాటరీ నెగటివూ బాడీకే కలిసి ఉంది. మధ్యలో బ్రిడ్జ్ పెడితే అందులోని ఒక డయోడు ఆ చుట్టకు నేరుగా షార్ట్ దారి అవుతుంది. చుట్టలు బిగించిన స్టేటర్ ప్లేటు విప్పి, ఆ ఎర్త్ కొసను జాగ్రత్తగా విడదీసి, దానికి వేరే వైరు టంకం పెట్టి బయటికి తీయండి. ఇంజిను ఆయిల్ తగిలే చోటైతే వేడికి తట్టుకునే స్లీవు వేయాలి. రెండు కొసలూ బాడీకి తగలకుండా బయటికి వచ్చాక, ఫుల్ వేవ్ రెగ్యులేటర్ రెక్టిఫయర్ వేసి, హెడ్‌లైటును ఫ్యూజు, రిలే గుండా బ్యాటరీ మీదకు మార్చండి. ఈ రకం ఆల్టర్నేటర్‌లో అయస్కాంతం శాశ్వతమైనది, ఫీల్డ్ తగ్గించే వీలు లేదు. అందుకే రెగ్యులేటర్ మిగులు కరెంటును చుట్టలోకే షార్ట్ చేస్తుంది. వినడానికి భయంగా ఉన్నా, చుట్ట ఇండక్టెన్స్ కరెంటును అదుపులో ఉంచుతుంది. పై ప్రశ్నలోని డైనమో రెగ్యులేటర్‌ను మాత్రం దీనికి పెట్టకండి, రెండింటి పద్ధతీ వేరు.

ప్రశ్న: సముద్రానికి దగ్గరలో ఉంటాం. బండి ఇగ్నిషన్‌కు నేను చేసిన సీడీఐ బోర్డు ఏడాది తిరిగేసరికి పచ్చగా చిలుం పట్టి ఆగిపోతోంది. పెట్టెనిండా ఎపాక్సీ పోస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఎపాక్సీ పోస్తే చిలుం ఆగుతుంది, మరమ్మతూ ఆగుతుంది. టంకం పెట్టాక మిగిలిన ఫ్లక్స్ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పళ్లు తోమే పాత బ్రష్షుతో శుభ్రంగా కడగండి. ఉప్పుగాలిని పిలిచేది చాలావరకు ఆ జిగురే. ఎండలో ఒక రోజు ఆరనిచ్చి, బోర్డు రెండు వైపులా తేమను ఆపే కన్ఫార్మల్ కోటింగ్ రెండు పూతలు వేయండి. బరువైన కెపాసిటర్లను సిలికాన్‌తో అంటించండి, లేకపోతే వణుకుకు కాళ్లు విరుగుతాయి. పెట్టెలోకి వెళ్లే వైర్లన్నీ కింది వైపు నుంచే వెళ్లాలి, అక్కడే ఒక చిన్న రంధ్రం కూడా ఉంచండి, లోపల చేరిన తేమ బయటికి పోవడానికి.