ఆ 82 మంది ఎవరో ముందు చెప్పు

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మైక్రోస్కోపు కింద కణితి కణాలు గోధుమరంగు తిరగడం గురించి రాసిన పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. కానీ మూడో పేజీలో "గొంతు క్యాన్సర్‌లో వైరస్ కనిపిస్తే అదృష్టమే, మందు తగ్గించినా చాలు" అని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

నువ్వు ఇచ్చిన లెక్క సరైనదే. 2010లో కియాన్ ఆంగ్ అనే క్యాన్సర్ డాక్టరు బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వేసిన పేపర్ అది. కణితిలో హెచ్‌పీవీ, అంటే నువ్వు చెప్పిన ఆ హ్యూమన్ పాపిలోమా వైరస్, ఉన్నవాళ్ళలో మూడేళ్ళ తర్వాత 100కి 82 మంది బతికున్నారు, లేనివాళ్ళలో 57 మంది. ఈ రెండు అంకెలూ రాశావు, ఆ మనుషులెవరో రాయలేదు. టాన్సిళ్ళు, నాలుక మొదలు, ఆ వెనక భాగంలో పుట్టి ముదిరిన క్యాన్సర్లు వాళ్ళవి. బుగ్గ లోపల పుట్టినవి కాదు, నాలుక ముందు భాగానివీ కాదు. మరి మన క్యాన్సర్ ఆస్పత్రి వరండాల్లో నోటి జబ్బుతో ఎక్కువగా కూర్చునేది ఎవరు? గుట్కా, ఖైనీ బుగ్గన పెట్టుకున్నవాళ్ళు. శ్రీకాకుళం వైపైతే చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు, వాళ్ళకి పుండు లేచేది అంగిట్లో. వీళ్ళెవరికీ నీ 82 వర్తించదు.

ఈ విషయంలో నాది ఎప్పట్నుంచో ఒకటే పట్టు. జబ్బు గురించి రాసేటప్పుడు ఏ అంకె వేసినా, అది ఎవరిని లెక్కపెడితే వచ్చిందో అదే వాక్యంలో చెప్పాలి. తర్వాతి పేరాలో చెబుతానంటే కుదరదు, ఎందుకంటే తర్వాతి పేరా కోసేస్తారు! ఒక పత్రికకి ఇదే విషయం మీద రాశాను. బుగ్గ క్యాన్సర్‌లో, వైరస్ ఉందేమోనని చేసే పి16 పరీక్షని చూసి ఆశ పెట్టుకోవడమో వదులుకోవడమో చెయ్యొద్దని విడిగా ఒక పేరా రాస్తే, డెస్కులో చోటు లేదని దాన్ని లేపేసి, పైన 'వైరస్ ఉంటే బతికినట్టే' అని శీర్షిక పెట్టారు. కొన్నాళ్ళకి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పాలిథిన్ కవర్లో వాళ్ళ అన్నయ్య బయాప్సీ రిపోర్టు, దానితో నా వ్యాసం కటింగు. రిపోర్టులో పి16 నెగెటివ్ అన్నచోట బాల్‌పెన్నుతో రెండు గీతలు. "వైరస్ లేదంటండీ, మరి కరెంటు పెట్టించి లాభముందా? అప్పు చెయ్యమంటారా, మానెయ్యమంటారా?" అన్నాడు. ఆ గీతలకి పైనే ఉంది, కుడి బుగ్గ అని. నేనే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక శీర్షిక చూసి వైద్యం మానెయ్యడానికి సిద్ధపడ్డారు ఆ ఇంట్లో. ఆ ఎడిటర్‌ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఇప్పుడొచ్చిన రీల్స్ పద్ధతీ అదే, ఒక అంకె, ఒక ఆశ్చర్యం, అయిపోయింది.

ఇక మందు తగ్గించడం సంగతి. వైరస్ కణితులు ఎందుకు లొంగుతాయో నువ్వు అసలు చెప్పనేలేదు. వైరస్ చేసే ఈ6, ఈ7 ప్రొటీన్లు కణం అదుపు తప్పకుండా కాపలా కాసే పీ53, ఆర్‌బీ అనే ప్రొటీన్లని పడగొడతాయి, కానీ పీ53ని తయారుచేసే జన్యువు మాత్రం చాలావరకు చెడకుండా ఉంటుంది, వైద్యం పడ్డప్పుడు అది మళ్ళీ పనికొస్తుందనుకుంటారు. పొగాకు క్యాన్సర్లలో తరచుగా ఆ జన్యువే పాడై ఉంటుంది. పైగా వైరస్ ప్రొటీన్లు ఒంటికి పరాయివి కాబట్టి రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు గుర్తుపట్టి కణితిలోకి గుంపులుగా చేరతాయి. ఇంత బాగా లొంగే జబ్బుకి సిస్‌ప్లాటిన్ లాంటి కఠినమైన కీమో మందు దేనికి, సెటుక్సిమాబ్ అనే వేరే మందు సరిపోతుందేమో అని డాక్టర్లూ అనుకున్నారు. 2018లో రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలొచ్చాయి. రెండిట్లోనూ సెటుక్సిమాబ్ వైపే మరణాలు ఎక్కువ. యూరప్‌లో జరిగినదాంట్లో రెండేళ్ళకి సిస్‌ప్లాటిన్ తీసుకున్నవాళ్ళలో 100కి 97 మందికి పైగా బతికుంటే, అటువైపు 89 మందే. ఫలితం బాగుండొచ్చని చెప్పే గుర్తు ఏ మందు మానొచ్చో చెప్పదమ్మా. నీ వాక్యం చదివి ఎవరైనా కీమో సగంలో ఆపేస్తే?

సిగరెట్ ఊసే లేదు నీ వ్యాసంలో. వైరస్ ఉన్నా, రోజుకో ప్యాకెట్ చొప్పున పదేళ్ళకి మించి కాల్చి, మెడ గ్రంథులకి బాగా పాకినవాళ్ళని ఆ 2010 పేపర్లోనే ముప్పు మధ్యస్థంగా ఉన్న గుంపులో వేశారు. ఆ గుంపులో మూడేళ్ళకి బతికింది 100కి 71 మంది. ఇంకోటి, పి16 అంటే వైరస్ కాదు, వైరస్ ఉందేమోనని అనుమానించడానికి వాడే గుర్తు. పి16, హెచ్‌పీవీ పరీక్షలు రెండూ చేసిన వేలమంది వివరాలు కలిపి 2023లో చూస్తే, సుమారు 100కి 9 మందిలో ఒకటి అవునంది, ఇంకోటి కాదంది. నువ్వు రెండిటినీ ఒకటే అన్నట్టు రాసుకుంటూ పోయావు.

పీడీ-ఎల్1 అనే ఇంకో కణితి గుర్తు గురించి అడిగావు, అది ఇంకో ఉత్తరమంత పని. రెండో ప్రతి పంపే ముందు క్యాన్సర్ ఆస్పత్రిలో పెథాలజీ డాక్టర్‌ని ఒకసారి కలువు. బుగ్గ క్యాన్సర్‌కి పి16 చేస్తారా, చేస్తే రిపోర్టులో ఏమని రాస్తారు, ఇంటివాళ్ళకి ఎవరు వివరిస్తారు అని అడుగు. ఆ జవాబులు వ్యాసంలో రావాలి. శీర్షిక కూడా నువ్వే పెట్టి పంపు, ఖాళీ వదిలితే వాళ్ళకి తోచింది పెడతారు.

ఆశీస్సులతో