మా వైపు బస్సులు తక్కువై కాదు, ఒకదాని టైము ఇంకోదానికి కలవక

"కందుకూరు, కావలి, లింగసముద్రం లాంటి దగ్గర దగ్గర ఊళ్ల మధ్య తిరగడానికి ఇంత కష్టం ఎందుకు? కొత్త బస్సులు వేస్తే తీరిపోతుందా?" అని ఒకరు అడిగారు. తీరదు. ఇప్పుడున్న బస్సులే ఒకదాని కోసం ఇంకోటి పది నిమిషాలు ఆగితే సగం బాధ పోతుంది. ఇరవై ఏళ్లుగా ఆ దారిలో తిరుగుతున్నాను, గట్టిగానే చెబుతున్నాను.

మాది లింగసముద్రం వైపు పల్లె. ఆమధ్య అమ్మకు ఒంగోలులో కంటి ఆపరేషన్ చేయించి ఇంటికి తీసుకొస్తున్నాను. కంటికి పట్టీ, దాని మీద నల్లద్దాలు. దుమ్ము తగలనివ్వొద్దని డాక్టరు ఒకటికి నాలుగుసార్లు చెప్పి పంపారు. మా వైపు ఆఖరి బస్సు కందుకూరులో రాత్రి ఎనిమిదింటికి. ఒంగోలు నుంచి మేమొచ్చిన బస్సు బస్టాండు లోపలికి తిరుగుతుంటే అది బయటికి పోతోంది. దాని బోర్డు మీద ఊరి పేరు కూడా చదివాను. మా కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాడు, ఆ డ్రైవరుకు వినపడలేదు. టైము చూస్తే ఎనిమిదీ రెండు.

దిగాక లెక్కపెట్టాను. ఆ బస్సు ఎక్కాల్సినవాళ్లం పదకొండు మందిమి. ఇద్దరు నర్సింగ్ చదివే పిల్లలు, చంటిబిడ్డతో ఒకమ్మాయి, సంచులతో ఒక ముసలాయన, మేమిద్దరం, ఇంకొందరు. ఆటో అతన్ని అడిగితే "ఎనిమిది వందలు అన్నా. వచ్చేటప్పుడు ఖాళీగా రావాల గదా" అన్నాడు. అతనన్నదీ న్యాయమే. చివరికి రెండు ఆటోల్లో సర్దుకున్నాం. దారి పొడుగునా అమ్మ కొంగు మడిచి కంటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా నేను ఆమె ముఖానికి చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. "పోనీలేరా, ఇంటికి పోతన్నాం గదా" అని నాకే ధైర్యం చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత ఆ ఆఖరి బస్సు డ్రైవరు కనపడితే అడిగాను. "టైముకు బండి తియ్యకపోతే నన్నడుగుతారు. నీ బస్సు యాడ ఉండాదో నాకెట్టా తెలస్తది?" అన్నాడు. తప్పు అతనిది కాదు. ఆ రెండు బస్సులూ రెండు వేర్వేరు డిపోలవి. ఎవరి టైములు వాళ్లు తమ డ్యూటీలు చూసుకుని రాసుకుంటారు. రెండూ కలిసేచోట జనం ఏమవుతారో చూడటం ఎవరి పనీ కాదు.

జిల్లా మారితే బాగుపడుతుందని కొందరంటారు. నేను నమ్మను. 1970లో ఒంగోలు జిల్లా (ఇప్పటి ప్రకాశం) ఏర్పడినప్పుడు కందుకూరును నెల్లూరు నుంచి తీసి అందులో కలిపారు, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. జనం మాత్రం ఆస్పత్రికి ఒంగోలుకు, చదువులకు కావలికి, రైలుకు సింగరాయకొండకు పోతూనే ఉన్నారు. కందుకూరుకు రైల్వే స్టేషను లేదు కాబట్టి సింగరాయకొండలో రైలు దిగినవాడికి బస్సు అందడం చాలా ముఖ్యం. రైలు వచ్చే టైము చూసి బస్సు టైము పెట్టడం అంత కష్టమైన పనా? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు లేదు. మంచి పని, మా అమ్మ కూడా సంతోషపడింది. కానీ ఎక్కాల్సిన బస్సు కళ్లముందే వెళ్లిపోతే ఆ మేలు ఆటో ఛార్జీల్లోనే పోతుంది.

ఇక మన తప్పు కూడా చెప్పాలి. మా పక్కపక్కన నాలుగు ఊళ్లున్నాయి. నాలుగూ సోమవారం నాడు కలెక్టరాఫీసులో విడివిడిగా అర్జీలు ఇచ్చాయి, ప్రతి ఊరూ "మాకు బస్సు కావాలి" అని. ఒక్క ఊరి జనంతో బస్సు నిండదు, ఓఆర్ రాదని జవాబు వస్తుంది. ఓఆర్ అంటే సీట్లు ఎంత నిండాయన్న లెక్క. నాలుగు ఊళ్లనూ కలుపుతూ ఒకే బస్సు అడిగితే ఆ లెక్క నిలబడుతుంది. ఈ మాట చెబుదామని నలుగురు పెద్దమనుషుల్ని రామాలయం దగ్గర కూర్చోబెట్టాను. కూరగాయలు వేసుకుని పోవాలి కాబట్టి ఆరింటికే కావాలని ఒక ఊరు, కాలేజీ పిల్లల కోసం ఏడున్నరకు కావాలని ఇంకో ఊరు. తమ ఊరి మీదుగా ముందు రాకపోతే సంతకం పెట్టనని మూడో ఊరాయన లేచిపోయాడు. ఎవరి అవసరం వాళ్లకు నిజమే. కానీ ఆ గంటన్నర తేడా మనలో మనం సర్దుకోకపోతే డిపో మేనేజరు మాత్రం ఏం చేస్తాడు?

మీరు అర్జీ ఇచ్చేముందు ఒక వారం బస్టాండులో నిలబడండి. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, దాంట్లోంచి దిగి పక్క ఊరి బస్సు కోసం చూసినవాళ్లు ఎందరు, వాళ్లలో ఎందరికి అందలేదు, ఒక నోటుపుస్తకంలో రాయండి. "బస్సు కావాలి" అని కాకుండా "ఎనిమిది గంటల బస్సును ఎనిమిదీ పదికి మార్చండి" అని అడగండి. డబ్బు ఖర్చులేని పని కాబట్టి కాదనడం కష్టం. నేను అదే రాసి పెట్టుకున్నాను. మూడు ఊళ్ల సంతకాలు వచ్చాయి, ఆ లేచిపోయిన ఆయన దగ్గరికి రేపు పొద్దున్నే మళ్లీ పోతున్నాను.