భీమిలిలో "బీచ్ తప్ప ఏమీ కనపడలేదు" అన్నవారికి

మీరు బీచ్ దగ్గర దిగి అక్కడే తిరిగి వచ్చేశారు, అందుకే ఒకప్పుడు ఇక్కడ వ్యాపారం చేసిన డచ్చివాళ్ల (హాలండ్ దేశస్థుల) ఆనవాళ్లు కనపడలేదు. ఈసారి ఇలా చేయండి.

1. పొద్దున్నే విశాఖపట్నం నుంచి బయలుదేరండి. పాత బౌద్ధ క్షేత్రాలున్న కొండలు తొట్లకొండ, బావికొండ దారిలోనే. రాతిలో తొలిచిన నీటి తొట్లు చూస్తే మొదటిదానికి ఆ పేరెందుకో తెలుస్తుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: భీమిలిలో ముందు పావురాళ్ళకొండ ఎక్కండి. నరసింహస్వామి గుడి, బౌద్ధుల తొట్లు రెండూ అక్కడే. పైనుంచి గోస్తనీ సముద్రంలో కలిసే చోటు, కింద పాత ఊరు కనిపిస్తాయి. ఊరంతా పైనుంచే చూశాక ఇక దారి అడగక్కర్లేదు. నీళ్ల బాటిల్ మర్చిపోకండి, ఎండకి రాయి కాలుతుంది!

3. దిగాక డచ్చి సమాధులు. శిఖరాల్లా నిలబడి ఉంటాయి. గేటుకి తాళం ఉంటే చుట్టుపక్కల అడగండి.

4. గడియార స్తంభం, చర్చి నడిచే చూడొచ్చు. 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత ఊరు, అన్నీ దగ్గరదగ్గరే, కారు అక్కర్లేదు.